యోనా కథను బొమ్మల్లో చెప్పాలనుకునే అమ్మాయి

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతోంది. సండే స్కూల్లో చిన్నపిల్లలకు బొమ్మలు గీసి కథలు చెబుతుంది. బైబిల్ కథలను ఇంటిల్లిపాదీ చూసే యానిమేషన్ సినిమాలుగా తీస్తానంటోంది. వాళ్ల నాన్న బీటెక్ చేయమంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, అమ్మాయిని ఆపొద్దు. అయితే ఒక మాట మొదటే తేల్చుకోండి. ఆమె నేర్చుకోవాల్సింది యానిమేషన్. మొదట్లో జీతం ప్రకటనల నుంచో, గేముల నుంచో, పిల్లల సీరియళ్ల నుంచో వస్తుంది. బైబిల్ కథలు ఆమె సొంత పని. చెయ్యి తిరిగేదాకా అవి పక్కనే నడవాలి. ఈ సంగతి వాళ్ల నాన్నగారికి ఉన్నదున్నట్టు చెప్పండి.

కథను ఎంత దగ్గరగా చదువుతుందన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యం. యోనానే తీసుకోండి. దేవుడు నీనెవె నగరానికి వెళ్లమంటే పారిపోయి, చేప కడుపులో పడ్డ ప్రవక్త కథ అది. నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు. పిల్లలకు చెప్పేటప్పుడు చాలామంది చేప కక్కేయడంతో ముగిస్తారు. తెలుగు బైబిల్లో యోనా గ్రంథంలో ఉన్నది 'గొప్ప మత్స్యము', అది తిమింగలమని ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. అసలు కథ ఆ తర్వాతే ఉంది. దేవుడు క్షమించడంతో నీనెవె బతికిపోయిందని యోనా అలుగుతాడు. నీడనిచ్చిన సొరచెట్టు ఒక్క పూటలో వాడిపోతే కోపంతో చావే మేలంటాడు. ఆ చెట్టు కోసం ఇంత బాధపడుతున్నావే, కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా జనం, అన్ని పశువులు ఉన్న ఊరి మీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. పుస్తకం ఆ ప్రశ్నతోనే ఆగిపోతుంది. వాడిన ఆకు కింద కూర్చున్న ఆ మనిషి ముఖం గీయగలిగితే తాతకూ మనవడికీ ఇద్దరికీ సినిమా అందుతుంది. 2000లో వేల్స్, రష్యా కళాకారులు బొమ్మలతో తీసిన 'ది మిరకిల్ మేకర్'లో యేసు కథ, ఆయన బతికించిన యాయీరు కూతురి కళ్లతో నడుస్తుంది. చిన్నపిల్ల చూపు ఉంటే పిల్లలు కథలోకి తేలిగ్గా వచ్చేస్తారు.

ఒక ఆదివారం ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు తీసుకెళ్లండి. తోలుబొమ్మల ఊరు అది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ చెయ్యిని భుజం దగ్గర, మోచెయ్యి దగ్గర దారంతో ఎలా ముడివేస్తారో అమ్మాయిని దగ్గరగా చూడమనండి. కంప్యూటర్‌లో కటౌట్ యానిమేషన్ చేసేవాళ్లు చేసేదీ అదే, ఒంటిని ముక్కలుగా కోసి కీళ్ల దగ్గర కలుపుతారు.

చదువుకు కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ దగ్గరలోనే ఉంది. అక్కడ బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) యానిమేషన్‌కు ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎంపీసీ చదవడం అడ్డేమీ కాదు. నోటిఫికేషన్ గమనిస్తూ ఉండండి. ఆరు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అంటూ పెద్ద ఫీజు అడిగే చోట మాత్రం చేర్చకండి. సాఫ్ట్‌వేర్ వచ్చి, మనిషి చెయ్యి గీయడం రాని పిల్లలు నా దగ్గరికి చాలామంది వచ్చారు, చూస్తే బాధేస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు అక్కర్లేదు. యానిమేషన్ చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 2025లో ఆస్కార్ అందుకున్న 'ఫ్లో' యానిమేషన్ సినిమా దాంతోనే తీశారు, అందులో ఒక్క మాటా ఉండదు. మీ అమ్మాయి పరీక్షలయ్యాక ఒక్క నిమిషం సినిమా చేయమనండి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి చిత్రాలు, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా 720 బొమ్మలు గీయాలి. ఆ పని మీద రెండు నెలలు కూర్చోగలిగితే ఈ రంగంలో నిలబడుతుంది. బైబిల్ కథలు అందరివీ, కానీ ఈమధ్య వచ్చిన అనువాదాల వాక్యాలు, పాటలు అలా కాదు, అనుమతి తీసుకోవాలి. పాత అనువాదంలోని 'చెప్పెను, వెళ్లెను' భాష ఎలాగూ పిల్లలకు అందదు కాబట్టి మాటలు మన అనంతపురం తెలుగులో ఆమెనే రాయమనండి. అర్థం మారలేదని పాస్టర్ గారికి ఒకసారి చూపించండి.

ఆ నిమిషం సినిమాను ముందు మాటల్లేకుండా సండే స్కూల్ పిల్లలకు వేసి, ఏం జరిగిందో వాళ్లనే చెప్పమనండి. ఆ రోజు వాళ్ల నాన్నగారిని కూడా తీసుకెళ్లి పిల్లల వెనకే కూర్చోబెట్టండి.