షాకులు మార్చినా కుదుపు తగ్గలేదంటే బుష్‌లు చూడండి

పన్నెండేళ్ల ఎస్‌యూవీకి నాలుగు షాక్ అబ్జార్బర్లూ కొత్తవి వేయించినా గుంటల్లో ముందువైపు టక్ టక్‌మంటోందని, స్పీడ్ బ్రేకర్ దిగితే ఒళ్లంతా అదురుతోందని రాశారు కదా. షాకుల పని స్ప్రింగ్ ఊపును ఆపడం వరకే. ఆ చప్పుడు వింటే నాకు లోయర్ ఆర్మ్ బుష్‌ల మీదే అనుమానం. చక్రాన్ని బండి ఫ్రేమ్‌కి కలిపే కింది చేయే లోయర్ ఆర్మ్. అది ఫ్రేమ్‌కి బిగిసే చోట, మధ్యలో గొట్టంతో ఉండే రబ్బరు ముక్కలే బుష్‌లు.

బండిని జాకీతో ఎత్తి, స్టాండ్లు పెట్టాకే కిందకి దూరండి. ఆర్మ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య పొడవాటి ఇనుప కడ్డీ పెట్టి మెల్లగా కదపండి. రబ్బరు పగిలి, లోపలి గొట్టం పక్కకి జరుగుతుంటే దాని పని అయిపోయినట్టే. స్టెబిలైజర్ లింకులు (మలుపుల్లో బండి ఒరగకుండా చూసే కడ్డీకి ఉండే లింకులు), బాల్ జాయింట్లు (ఆర్మ్‌కి చక్రం వైపు చివర ఉండే గుండ్రటి కీళ్లు) కూడా అప్పుడే చూసేయండి. బాల్ జాయింట్‌లో లూజు కనిపిస్తే మాత్రం వాయిదా వేయొద్దు, అది ఊడితే చక్రం అదుపు తప్పుతుంది.

అసలు సంగతి బిగించడంలో ఉంది. నా బండికి వేసిన కొత్త బుష్‌లు కొన్ని నెలలకే చిరిగిపోయాయి. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే మెకానిక్ బోల్టులు పూర్తిగా బిగించేశాడు. అలా చేస్తే బండి నేల మీదకి దిగగానే రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ ఆ ఒత్తిడిలోనే ఉండిపోతుంది. ముందు బోల్టులు పట్టించి వదిలేసి, బండి బరువు చక్రాల మీద పడ్డాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) బిగించమని దగ్గరుండి చెప్పండి.

తర్వాత వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, తప్పనిసరి. అన్నట్టు, టైర్లలో గాలి డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉన్నంతే ఉందా? ఎక్కువుంటే ఎన్ని పార్టులు మార్చినా బండి గట్టిగానే కొడుతుంది.