సంతకం తొందరపడి పెట్టకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి, "అక్కా, కుక్క అడ్డమొచ్చి స్కూటీ మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది గదా మా పిల్ల, ఇప్పుడు ఆ కుక్క ఓనర్‌ని నష్టపరిహారం అడుగుతానంటోంది, జర నువ్వన్నా చెప్పు" అన్నాడు. వద్దని చెప్పమంటున్నాడో, ఎట్లా అడగాలో చెప్పమంటున్నాడో వాడికే తెలియదు. నేను రెండోదే అనుకున్నా. ఫోన్లో చెబితే నువ్వు ఊ కొట్టి పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. మన ఇంట్లో దెబ్బ తగిలితే పసుపు అద్దుకుని ఊరుకోవడమే గాని, ఇది మీ వల్ల జరిగింది, ఖర్చు కట్టండి అని అడిగిన మనిషి లేదు. నువ్వు అడుగుతానన్నావని విని గర్వంగానే అనిపించింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

కేసు సంగతి తర్వాత, ముందు ఇది చెప్పు. పడ్డప్పుడు ఆ కుక్క పన్ను గాని గోరు గాని నీకు తగిలిందా? రోడ్డుకు గీసుకున్న గాయాల్లో అదీ ఒకటేమో ఎవరైనా చూశారా? అనుమానం ఉంటే ఇవాళే పో. నల్లకుంట కోరంటి దవాఖాన, అదే ఫీవర్ ఆసుపత్రి, మీకు దగ్గరే, నారాయణగూడలో ఐపీఎం అనే సర్కారీ సంస్థలో కూడా కుక్కకాటు ఇంజెక్షన్లు వేస్తారు. "మా కుక్కకి టీకాలన్నీ వేయించామండీ" అని ఓనర్ అంటే పుస్తకం చూపించమను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు ఉండదు. "అత్తా, అది కరవలేదు, బండికి అడ్డం వచ్చిందంతే" అంటావని తెలుసు. అయినా చూపించుకో.

పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చావట. ఎఫ్ఐఆర్ కట్టారా, దరఖాస్తు తీసుకుని పంపేశారా? ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్ళకు పైసా తీసుకోకుండా ఇవ్వాలి, అడిగి తెచ్చుకో. జంతువును అదుపులో పెట్టుకోకుండా మనుషుల మీదకు ప్రమాదం తెచ్చినవాళ్ళకి మా కాలంలో ఐపీసీ 289 సెక్షన్ ఉండేది. 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 291 అయింది. ఆరు నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా సర్కారుకి పోతుంది బిడ్డా, నీ దవాఖాన బిల్లుకి కాదు. నీ పైసల దారి వేరే, సివిల్ దారి. కాకపోతే ఏ రోజు, ఏ వీధిలో, ఎవరి కుక్క అన్నది సర్కారీ కాగితం మీదికి ఎక్కేది ఎఫ్ఐఆర్‌తోనే.

క్యాజువాలిటీలో నువ్వేం చెప్పావో గుర్తు చేసుకో. నొప్పితో ఉన్నప్పుడు మనం "బండి స్లిప్ అయింది" అంటాం, డ్యూటీ డాక్టర్ అదే రాసేస్తాడు. రేపు అవతలి వకీలు ఆ ఒక్క ముక్క పట్టుకుని, "ఈమె తనంతట తనే పడింది, కుక్క మాట తర్వాత పుట్టింది" అంటాడు. నీ కేస్ షీట్, డిశ్చార్జ్ సమ్మరీ రెండూ చదువు. కుక్క మాట లేకపోతే, ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకి పనికొచ్చే మెడికో లీగల్ రికార్డు, రాశారా లేదా కనుక్కుని, జరిగింది జరిగినట్టు చేర్చమని ఇప్పుడే కాగితం పెట్టు. ఆ వీధిలో కెమెరాలుంటే ఫుటేజీ ఈ వారంలోనే కాపీ తీయించమని పోలీసులకు రాసి ఇవ్వు. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది.

దవాఖాన దగ్గర ఎవరో ఏజెంటు కలిసి మోటార్ యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో వేస్తే లక్షలొస్తాయన్నాడట. వాడి మాట వినకు. అక్కడ సాధారణంగా అడిగేది ఎదుటి బండి వల్ల దెబ్బ తిన్నవాళ్ళు, అవతలి బండి ఇన్సూరెన్స్ కంపెనీని. నీ ముందుకొచ్చింది కుక్క, దానికి ఇన్సూరెన్స్ ఎక్కడిది? నీ పాలసీలో సొంతదారు ప్రమాద బీమా 15 లక్షలు ఉన్నా, అది ప్రాణం పోతేనో, అవయవం పోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో. మణికట్టు విరిగితే రాదు. స్కూటీ రిపేరు మాత్రం, నీది థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా పూర్తి పాలసీ అయితే వస్తుంది. కాకపోతే సర్వేయర్ చూడకముందు మెకానిక్ చేత స్క్రూ కూడా విప్పించకు. పంజాబ్ వైపు హైకోర్టు పంటి గాటుకి 10 వేలు అందని నువ్వు పంపిన మెసేజ్ చూశాను. 2023 నాటి తీర్పది, అక్కడి రాష్ట్రాల్లో ప్రభుత్వాలు కట్టాల్సిన లెక్క. నీకు తగిలింది పన్ను కాదు, రోడ్డు. ఆ కుక్కకి ఓనర్ కూడా ఉన్నాడు.

ఓనర్ ఉన్నాడన్నది నిరూపించుకోవాలి మరి. కోర్టులో ఇన్నేళ్ళు కూర్చున్నదాన్ని, ఒక మాట ముందే చెబుతున్నా: స్టేషన్‌కి పిలవగానే అది వీధికుక్క అయిపోతుంది. "మేం రోజూ ఇంత అన్నం పెడతామండీ, అంతే" అంటారు. నిన్నటిదాకా దానికి బర్త్‌డే కేకు కోసి, "మా చిన్నోడు" అని ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టినవాళ్ళే! ఆ ఫొటోలు తీసేయకముందే తేదీతో సహా దాచుకో. పెంపుడు కుక్కకి జీహెచ్ఎంసీ లైసెన్సు ఉండాలి, తీసుకున్నారేమో అడుగు. ఇదివరకు ఆ కుక్క ఎవరి వెంటైనా పడిందా, కాలనీ గ్రూపులో ఎవరైనా గొడవ పెట్టారా? ఉంటే అదే నీకు బలం. కుక్క సంగతి తెలిసీ గేటు తెరిచి పెట్టారు, తాడు లేకుండా వదిలారు అని చెప్పొచ్చు. పక్కింటావిడ చూసిందన్నావుగా, ఆవిడ పేరు దరఖాస్తులో ఉందా?

ఇప్పుడు అసలు సంగతి. మీ నాయన మోకాలి కథ నీకు సగమే తెలుసు.

స్కూటర్ మీంచి పడ్డాడనే చెప్పి ఉంటారు. పడింది కుక్క వల్లే. నువ్వప్పుడు మూడు నెలల పసిగుడ్డువి, రాంనగర్‌లో ఉండేవాళ్ళు. పొద్దున చేతక్ మీద డ్యూటీకి పోతుంటే, వెనక గల్లీలో ఒక కాంట్రాక్టర్ ఇంటి గేటు తెరిచి ఉంది. అల్సేషియన్ ఒక్క ఉరుకు ఉరికింది. చక్రానికి తగిలి మళ్ళీ లోపలికి పోయింది, వీడు స్కూటర్ కింద పడ్డాడు. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. హమ్మయ్య అనుకున్నాం. మోకాలు మాత్రం గుమ్మడికాయంత వాచింది.

మూడో రోజు సాయంత్రం కాంట్రాక్టర్ ఇంటికొచ్చాడు. బత్తాయిలు, హార్లిక్స్ సీసా, వెంట ఇద్దరు బస్తీ పెద్దమనుషులు. ఎంత మర్యాద అనుకున్నావ్! "తమ్ముడూ, నీ బిడ్డ నా బిడ్డ ఒకటే" అన్నాడు. 3 వేలు స్టూలు మీద పెట్టి, జేబులోంచి స్టాంపు పేపర్ తీశాడు. ముందే టైపు చేయించి తెచ్చాడన్నమాట. ఈ ప్రమాదం విషయంలో పూర్తి సొమ్ము ముట్టింది, ఇప్పుడు గాని ఇకముందు గాని ఎలాంటి క్లెయిమూ చేయను అని ఉంది. సిటీ సివిల్ కోర్టులో అట్లాంటి కాగితాలు రోజూ నా చేతుల మీదుగా పోయేవి. వాపు తగ్గనీయ్‌రా, ఇంకో డాక్టర్‌కి చూపించినాక పెడుదువు అన్నాను. "పోనీయ్ అక్కా, మనోళ్ళే గదా. ఇంటికొచ్చి అడుగుతుంటే ఎట్ల కాదంటం?" అన్నాడు. బయటివాళ్ళ ముందు లొల్లి వద్దని మీ అమ్మ నా కొంగు లాగింది. వాడు సంతకం పెట్టేశాడు. ఆ పైసల్లో సగం నీ పాల డబ్బాలకే అయ్యాయి, అదీ చెప్పాలి. ఆశపడి కాదు, ఇంట్లో పైసల్లేక పెట్టాడు.

వాపు తగ్గింది గాని కాలు నిలవలేదు. మెట్లు దిగుతుంటే మోకాలు పక్కకి జారేది. లిగమెంట్ తెగిందని ఎన్నో నెలలకు బయటపడింది. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, లిగమెంట్ కనబడదు. ఆపరేషన్ అన్నారు. కాంట్రాక్టర్ ఇంటికి పోతే ఆ కాగితం జిరాక్స్ చేతిలో పెట్టాడు. ఈసారి కూర్చోమని కూడా అనలేదు. వకీలుకి చూపిస్తే, "ముందు దీన్ని కొట్టేయించాలి, ఆ తర్వాతే అసలు కేసు" అన్నాడు. మీ నాయన ఆ జిరాక్స్ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. ఆపరేషనూ లేదు, కేసూ లేదు. నీకు సైకిల్ నేర్పింది మీ మామయ్య, గుర్తుందా? సీటు పట్టుకుని వెంట పరిగెత్తాల్సింది మీ నాయన. అరుగు మీద కూర్చుని "బ్రేక్ పట్టు, బ్రేక్ పట్టు" అని అరిచేవాడు. నాయనకి నేనంటే ఇష్టం లేదని నువ్వు అలిగావు కూడా.

అందుకే చెబుతున్నా, ఆ కుక్క ఓనర్ ఇవాళో రేపో పండ్లు పట్టుకుని వస్తాడు. చాయ్ ఇవ్వు, మర్యాదగా మాట్లాడు, కాగితం మీద మాత్రం పెన్ను పెట్టకు. పైసలిస్తానంటే వద్దనకు, బ్యాంకు ఖాతాలోకి తీసుకో. రసీదు నువ్వే రాయి: "ఇప్పటిదాకా అయిన వైద్యం ఖర్చు కింద ఇంత ముట్టింది, మిగతా హక్కులకు భంగం లేదు" అని. వాళ్ళు టైపు చేయించి తెచ్చినదాని మీద ఒక్క అక్షరం రాయొద్దు.

నీ మణికట్టుకి ప్లేటు వేశారు. చెయ్యి పూర్తిగా తిరుగుతుందో లేదో ఫిజియోథెరపీ అయ్యాక గాని తెలియదు. ప్లేటు తీయాల్సి వస్తుందా, వస్తే ఎంతవుతుంది అని డాక్టర్ చేత రాయించుకో. బిల్లులు, క్యాబ్ ఖర్చులు, కోత పడ్డ జీతం, పనిమనిషికి ఎక్కువిచ్చింది, అన్నీ ఒక ఫైల్లో పెట్టు. మెడిక్లెయిమ్ వాళ్ళు ఒరిజినల్స్ తీసుకుంటారు, ఇచ్చేముందు జిరాక్స్.

ఆ తర్వాత లీగల్ నోటీసు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, చేరినట్టు రుజువు వచ్చేలా పంపించు. వకీలు ఫీజు అని భయపడకు. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. మంచి దారే, నేను ఒప్పుకుంటా. కానీ అక్కడ రాజీ పడితే అది కోర్టు తీర్పు మీద ఇచ్చే డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి అక్కడ కూడా చెయ్యి ఏ మేరకు బాగవుతుందో తెలిశాకే సంతకం. దావాకి గడువు ఎప్పటిదాకానో వకీలుని మొదటి రోజే అడుగు, ఆగడం వేరు, గడువు దాటబెట్టుకోవడం వేరు.

హెల్మెట్ పెట్టుకున్నావట, బకిల్ పెట్టుకోలేదట! మీ నాయన చెప్పాడులే. ఆ మాట నోటీసులో రాయకపోయినా అవతలివాళ్ళు అడుగుతారు, అడిగితే అబద్ధం చెప్పకు. దెబ్బ చేతికి గదా, తలకి కాదు. నాకైతే ఆ బకిల్ సంగతి విన్నప్పటినుంచి కడుపులో తిప్పుతోంది.

కుక్కని పట్టించమని మాత్రం ఎక్కడా రాయకు. గేటు వేయాల్సింది మనిషి.

ఆదివారం పొద్దున ఎక్స్‌రేలతో సహా ఫైలంతా పట్టుకుని అల్వాల్ రా, ఇద్దరం కూర్చుని తేదీల వారీగా రాద్దాం. మీ నాయనని కూడా తీసుకురా, ఆ స్టాంపు పేపర్ జిరాక్స్ ఇంకా బీరువాలోనే ఉంది వాడి దగ్గర, అదీ తెమ్మను. భాష ఎట్లా ఉంటుందో నువ్వే చదువుదువు గాని. క్యాబ్‌లో రండి. ఎవరి బండి వెనకో కూర్చుని వస్తే గేటు తీయను.

మీ అత్త