ఫోన్లో అరవై శాతం వాన, చేలో చినుకు లేదు

మే చివర్లో మబ్బులు మొదలయ్యాయంటే చాలు, ఈ శీర్షికకు వచ్చే సందేహాలన్నీ వాతావరణ యాప్‌ల చుట్టూనే తిరుగుతాయి. ఈ వారం మూడింటికి జవాబిస్తున్నాను. రెండోది మాత్రం ఎవరూ వదలకుండా చదవండి.

ప్రశ్న: ఫోన్లో 60 శాతం వాన అని చూపిస్తే చెనక్కాయ విత్తనం సిద్ధం చేసుకుని కూర్చున్నాం. మాకు చినుకు పడలేదు, పక్క ఊళ్లో వంకలు పారాయి. ఈ యాప్‌లను నమ్మొచ్చా? – కళ్యాణదుర్గం రైతు

ఇలాంటి పరిస్థితి పదిసార్లు వస్తే మీ దగ్గర ఆరుసార్లు వాన పడొచ్చని ఆ 60 శాతానికి అర్థం. మిగతా నాలుగుసార్లు పడకపోవడం కూడా అందులోనే ఉంది. ఎంత పడుతుందో, ఎంతసేపు పడుతుందో ఆ అంకె చెప్పదు. పైగా చాలా యాప్‌లు ఆధారపడే ప్రపంచ స్థాయి నమూనాలు నేలను దాదాపు పది పన్నెండు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్క కడతాయి. మనదేమో పడమటి కనుమల వాననీడ. రుతుపవనాల తడి చాలావరకు ఆ కొండల అవతలే కురిసిపోతుంది. ఇక్కడ మనం ఎదురుచూసే వాన తరచుగా సాయంత్రం పూట ఉరుములతో లేచే మబ్బుదే. అది కొద్ది కిలోమీటర్ల మేర దంచికొట్టి గంటలో తేలిపోతుంది. యాప్ లెక్కలో మీ ఊరూ పక్క ఊరూ ఒకే గడిలో ఉంటాయి, మబ్బుకు ఆ గడితో పని లేదు.

ఊరి పేరు పెట్టి, గంటగంటకూ అంకెలు చూపించి, మీ చేలో నిలబడి కొలిచినట్టు నమ్మించే ఆ డిజైన్ మీద నాకు చాలా కోపం. విత్తడానికి శాతం కాదు, మిల్లీమీటర్లు చూడండి. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మి.మీ. పడితేనే వాన పడిన రోజు; 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు వాన. 3 మి.మీ. వానకు 80 శాతం అవకాశం ఉన్నా నేల పదునెక్కదు. మంగళ, శుక్రవారాల్లో ప్రభుత్వ మేఘదూత్ యాప్‌లో వచ్చే జిల్లా సాగు సలహా కూడా చూసి, మీ నేల పదును చూసుకుని గొర్రు కట్టండి.

ప్రశ్న: రైతుల వాట్సాప్ గ్రూపులో ‘వాన హెచ్చరికలు, పంట బీమా’ అని ఒక ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కించుకునే యాప్) వచ్చింది. మా నాన్న ఇన్‌స్టాల్ చేసుకున్నాడు. మెసేజ్‌లు చదివే అనుమతి అడిగితే ఇచ్చేశాడు. ఏమైనా ఇబ్బందా? – అనంతపురం విద్యార్థిని

ఇబ్బందేనమ్మా, ఆలస్యం చేయొద్దు. ముందు ఆ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపు. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆ తర్వాతే యాప్ సంగతి. అది తొలగించనివ్వకపోతే సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్’, ‘యాక్సెసిబిలిటీ’ రెండు చోట్లా దాని పేరు తీసేసి మళ్లీ ప్రయత్నించు. ఫొటోలు, నంబర్లు దాచుకుని ఫోన్ మొత్తం రీసెట్ చేయడం ఇంకా మేలు. పాస్‌వర్డులన్నీ వేరే ఫోన్ నుంచే మార్చాలి.

వాన ఎప్పుడు పడుతుందో చెప్పడానికి మీ నాన్నగారి మెసేజ్‌లతో ఏం పని? ఆ అనుమతి దొరికితే బ్యాంకు పంపే ఓటీపీ మీకంటే ముందు ఆ మోసగాళ్లు చదువుతారు. యాక్సెసిబిలిటీ కూడా ఇస్తే తెరపై కనిపించేదంతా చూస్తారు, మీ బదులు బటన్లు నొక్కుతారు. ఫైలు పంపింది తెలిసిన మనిషే కావచ్చు. అతని ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉండి, అతనికి తెలియకుండానే గ్రూపులన్నింటికీ వెళ్లి ఉండొచ్చు. వాన కోసం ఆకాశం చూస్తున్న రైతును ఎంచుకుని వల వేయడం నాకు మహా దుర్మార్గంగా అనిపిస్తుంది. గ్రూపు అడ్మిన్‌కు చెప్పి ఆ ఫైలును అందరికీ డిలీట్ చేయించు.

ప్లే స్టోర్‌లో దొరికే యాప్‌లను కూడా గుడ్డిగా నమ్మొద్దు. మీ ఊరి వాతావరణం చెబుతామని లొకేషన్ తీసుకుని ప్రకటనల కోసం ఇతరులకు ఇస్తోందంటూ ఒక పేరున్న వాతావరణ యాప్‌పై 2019లో లాస్ ఏంజెలెస్ నగరం కేసు వేసింది. మరుసటి ఏడాది అది రాజీతో ముగిసింది. మామూలు వాతావరణ యాప్‌కు ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నది ఎంచుకుని, కచ్చితమైన లొకేషన్ ఆపేయండి. ఊరి పేరు టైపు చేస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: గొర్రెలు మేపుతాం. దామిని యాప్ ఉన్నా, పిడుగు హెచ్చరిక ఉరుములు ఆగాక వస్తోంది. యాప్ తప్పా, ఫోన్ తప్పా? – పత్తికొండ

చాలాసార్లు ఫోన్‌దే. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని గొప్ప చెప్పుకోవడానికి, తెర ఆపగానే యాప్‌లన్నింటినీ నిద్రపుచ్చే ఫోన్లు వస్తున్నాయి. ప్రాణం కాపాడే హెచ్చరికకూ ఆటల యాప్‌కూ వాటికి తేడా లేదు. అప్‌డేట్ వచ్చాక మనం మార్చుకున్న సెట్టింగ్ కూడా మళ్లీ మొదటికి వస్తుంది. ఫోన్‌తో పాటే వచ్చే వాతావరణ యాప్‌లు మరీ ఘోరం. వాన మ్యాపు తెరిస్తే దాని మీద తెరంతా ప్రకటన, మూయడానికి గుర్తు వెతుక్కోవాలి. సిగ్నల్ లేకపోతే పొద్దున చూపిన ఎండ బొమ్మనే సాయంత్రం దాకా చూపిస్తాయి, అది ఎప్పటి సమాచారమో రాయవు. టైం రాయడానికి ఏం ఖర్చవుతుంది? మబ్బు కమ్మినప్పుడు ఆ బొమ్మ చూసి మంద తోలుకుపోయే మనిషి ఉంటాడని తయారుచేసేవాళ్లు ఆలోచించరా?

సెట్టింగ్స్‌లో దామినికి బ్యాటరీ ‘అన్‌రెస్ట్రిక్టెడ్’, లొకేషన్ ‘ఎల్లప్పుడూ’ అని పెట్టండి. పుణెలోని ఐఐటీఎం అనే ప్రభుత్వ వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన యాప్ ఇది. మీరున్న చోటు చుట్టూ పిడుగులు చూసి చెబుతుంది కాబట్టి ఎప్పుడూ లొకేషన్ ఇవ్వడం న్యాయమే. అయినా మేత బీళ్లలో సిగ్నల్ ఉండదు. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పుడిక ఫోన్ చూడకండి, చెట్టు కిందికి పోకండి, పక్కా ఇల్లో మూసి ఉన్న వాహనమో చేరండి. చివరి ఉరుము విన్న అరగంట దాకా బయటికి రావద్దు. చేతిలో ఫోన్ ఉంటే పిడుగు పడుతుందన్న భయం వద్దు. చార్జింగ్ వైరు తగిలించి మాత్రం మాట్లాడకండి.