ప్రసాదం సంగతి తర్వాత, ముందు మీ అమ్మతో మాట్లాడండి

ఒక సోదరి రాసిన ఉత్తరం, కొంచెం కుదించి:

"మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. నాకు 36 ఏళ్లు. హిందూ కుటుంబంలో పుట్టాను. ప్రేమ పెళ్లి. పెళ్లికి ముందే ఇష్టపడి బాప్తిస్మం తీసుకున్నాను, 11 ఏళ్లయింది. అత్తయ్యగారు పోయి నాలుగేళ్లు. మావయ్యగారు సంఘ పెద్ద. ఈమధ్య మా సంఘంలో శనివారం సాయంత్రాలు 'గౌరవంగా విభేదించడం, ఆత్మీయ ఎదుగుదల' అని వరుసగా ప్రసంగాలు పెట్టారు. మూడో వారం ప్రశ్నల టైములో ప్రసాదం మాట వచ్చింది. మావయ్యగారు లేచి 'మా ఇంట్లో అలాంటివి గుమ్మం దాటి రావు' అన్నారు. ఉండబట్టలేక నేను లేచి, 'వస్తాయండీ. పక్కింటి ఆంటీ ఇస్తే నవ్వుతూ తీసుకుంటాం, ఆవిడ తలుపేసుకోగానే చెత్తబుట్టలో వేస్తాం. అది అబద్ధం కాదా?' అన్నాను. హాలంతా నిశ్శబ్దం అయిపోయింది. ఆరు వారాలైంది, ఆయన నాతో మాట్లాడటం లేదు. భోజనం దగ్గర ఉప్పు కావాలన్నా మా బాబుకే చెప్తారు. మావారు 'నువ్వు అక్కడ అనకుండా ఉండాల్సింది' అని ఊరుకున్నారు. విభేదించమని నేర్పేదీ వాళ్లే, విభేదిస్తే మొహం తిప్పుకునేదీ వాళ్లే. బైబిలు వాక్యం ప్రకారం ప్రసాదం తినొచ్చా, తినకూడదా? మధురవాడలో వేరే సంఘానికి మారిపోదామా అని కూడా ఆలోచిస్తున్నాను.

మా అమ్మ గోపాలపట్నంలో ఉంటుంది. సింహాచలం ప్రసాదం పంపుతూ ఉంటుంది, తిన్నామనే చెప్తాను. అది వేరే సంగతి. గిరి ప్రదక్షిణ రోజు అమ్మ మా కాలనీ మీదుగానే నడిచి వెళ్తుంది. పాల ప్యాకెట్‌కని చెప్పి వెనక గేటులోంచి వెళ్లి, రోడ్డు మీద మజ్జిగ ఇచ్చి వచ్చేస్తాను. ఇది రాయక్కర్లేదు గానీ రాశాను."

అమ్మా,

రాయక్కర్లేదు గానీ రాశాను అన్నారే, మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ చివరి మాటలే.

మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ముందు జవాబు చెప్పేస్తాను. ప్రసాదం తినొచ్చా, తినకూడదా అన్నది నేను తేల్చను. విగ్రహాలకు అర్పించిన వాటి గురించి కొరింథు సంఘంలో ఇదే తగువు వస్తే అపొస్తలుడైన పౌలు వాళ్లకు రాసిన మొదటి పత్రికలో 8 నుంచి 10 అధ్యాయాల దాకా దాని మీదే రాశాడు. ఆ మూడు అధ్యాయాలూ ఒక్క కూర్చోడంలో చదవండి. చదివాక మీ మనస్సాక్షి ఏం చెబితే అది చేయండి. సంఘం మారడం గురించైతే వద్దనే అంటాను. మధురవాడలో ఆరాధన ముగించుకుని మళ్లీ మీరు వచ్చేది ఆ వంటింటికే, వడ్డించేది ఆ మావయ్యగారికే.

సభలో మీరు మాట్లాడటం తప్పు కాదు. మోషే ముందు, యాజకుడి ముందు, సమాజమంతా చూస్తుండగా సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురూ నిలబడి మా నాన్న స్వాస్థ్యం, అంటే ఆస్తిలో వాటా, మాకెందుకు రాదని అడిగారు. మోషే వాళ్లను కసరలేదు, వాళ్ల మాటను దేవుని దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లు చెప్పింది యుక్తమేనని దేవుడు జవాబిచ్చాడు. సంఖ్యాకాండం 27లో ఉంది. ఆడది సభలో నోరు విప్పడమేంటని మిమ్మల్ని చూసి పక్కకి తప్పుకుంటున్నవాళ్లు ఆ అధ్యాయం ఒకసారి చదువుకుంటే మంచిది.

కానీ ఆ అయిదుగురూ అడిగింది తమకు జరుగుతున్న అన్యాయం గురించి. మీరు విప్పింది ఇంట్లో చెత్తబుట్ట. ఆ తేడా మీకూ తెలుసు, అందుకే ఈ ఆరు వారాలూ మీకు నిద్ర లేదు. తొలినాటి క్రైస్తవ బోధకుల్లో అపొల్లో గొప్ప వక్త. అతని బోధలో లోటు కనిపించినప్పుడు ప్రిస్కిల్ల, అకుల దంపతులు సమాజ మందిరంలో లేచి నిలబడలేదు, అతన్ని చేర్చుకుని విడిగా విశదం చేశారు. తప్పిదం చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లమని ప్రభువు చెప్పిన మాట మత్తయి 18లో ఉంది. మీ ప్రసంగాల్లో ఇది చెప్పకుండా ఉండరు. మీరు మాత్రం 11 ఏళ్లు ఇంట్లో ఒక్క మాట అనకుండా, ఒకేసారి మైకు దగ్గర అన్నారు.

కాబట్టి మావయ్యగారి దగ్గరికి మీరే వెళ్లాలి. పొద్దున ఆయన కాఫీ తాగే వేళ, బాబు స్కూలుకి వెళ్లాక, కప్పు చేతికిచ్చి అక్కడే కూర్చోండి. "మావయ్యగారూ, ఇంటి విషయం సభలో చెప్పడం నా తప్పు, క్షమించండి. ఆ రోజు నేను అడిగిన ప్రశ్న మాత్రం నా మనసులో ఇంకా ఉంది. మీరు ఎప్పుడు వింటానంటే అప్పుడు చెప్తాను" అనండి. రెండో వాక్యం మింగెయ్యకండి. పెద్దవాళ్లకు క్షమాపణ చెప్పేటప్పుడు మన ఆడపిల్లలు అభిప్రాయాన్ని కూడా కలిపి ఇచ్చేస్తారు. పరువు తీసినందుకు తలవంచండి, నమ్మినదానికి వంచకండి.

ఆయన తప్పు లేదని అనను. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలిచి ఉండకూడదని వాక్యం ఎన్నిసార్లు చదివి వినిపించి ఉంటారో. ఆరు వారాలంటే 42 సాయంత్రాలు. అయినా భార్య పోయిన మనిషి, కోడలి చేతి అన్నం తప్ప దిక్కు లేదు, అలాంటాయనకి ఆ హాల్లో నలుగురి ముందు ఏమైందో మీరు ఊహించుకోగలరు. ఒక్కటి మాత్రం ఈ రోజే ఆపండి. "తాతకి ఉప్పు కావాలట" అని బాబు అన్నప్పుడు, ఉప్పు గిన్నె మీరే తీసుకెళ్లి, "ఇదిగోండి మావయ్యగారూ" అని ఆయన కంచం పక్కన పెట్టండి. ఆయన పలక్కపోయినా సరే. పెద్దవాళ్ల కోపాన్ని ఆ పసివాడు మోయకూడదు.

ఇక అసలు సంగతి. మిమ్మల్ని 11 ఏళ్లుగా తొలిచేస్తున్నది పక్కింటి ఆంటీ ఇచ్చిన ప్రసాదమేనా? ఆవిడ తలుపేసుకోగానే మీరు ఆవిణ్ణి మర్చిపోతారు. మీరు మర్చిపోలేనిది మీ అమ్మ పంపే డబ్బా. వైశాఖంలో చందనోత్సవమంటే స్వామి నిజరూపం కనిపించేది ఏడాదికి ఆ ఒక్క రోజే, ఆ క్యూలో ఆవిడ ఎన్ని గంటలు నిలబడిందో మీకు తెలుసు. పులిహోర ఎవరి చేతో పంపుతుంది. మీరు దాన్ని పారేసి, డబ్బా కడిగి తుడిచి, ఫోన్ చేసి "బాగుందమ్మా, తిన్నాం" అంటారు. మూత అంచున అంటుకున్న పసుపు మరక సబ్బుతో తోమినా ఒక పట్టాన పోదు. ఆ మరక తోముతున్నప్పుడు మీ మనసులో ఏం తిరుగుతుందో, ఆ శనివారం హాల్లో అదే బయటికొచ్చింది. పక్కింటి ఆంటీ పేరు పెట్టి మీ అమ్మ గురించి అడిగారు. అది అబద్ధం కాదా అని మావయ్యగారిని నిలదీశారు గానీ, ఆ ప్రశ్న మీరు మీకే వేసుకున్నారు.

ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు గిరి ప్రదక్షిణలో, సింహాచలం కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పుల్లేకుండా, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ దాటి ఎంవీపీకి వచ్చేసరికి ఎంత వయసులో ఉన్నవాళ్లకైనా కాళ్లు బరువెక్కిపోతాయి. మొత్తం 32 కిలోమీటర్లు. ఆ దారి పొడుగునా ముక్కూమొహం తెలియనివాళ్లు భక్తులకు మంచినీళ్లు, మజ్జిగ ఇస్తారు. ఆ వరసలో కూతురు కూడా ఒకతి. సీసా ఇచ్చి, ఎవరైనా చూస్తారేమోనని వెంటనే వెనక్కి తిరిగే కూతురు. మా ఇంట్లో ప్రసాదం గుమ్మం దాటదని మావయ్యగారు అన్నారు. ఈ పదకొండేళ్లలో మీ అమ్మ ఆ గుమ్మం ఎన్నిసార్లు దాటిందో మీరు రాయలేదు. నేను అడగను, మీరే లెక్కపెట్టుకోండి.

నేనూ క్రైస్తవ ఇంట్లో పుట్టి పెరిగినదాన్నే, అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను. దేవునికి అర్పితమని పేరు పెట్టి తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టేవాళ్లను ప్రభువు కొర్బాను మాట ఎత్తి మరీ గద్దించాడు, మార్కు 7లో. తల్లికి అబద్ధం చెప్పి కాపాడుకునే విశ్వాసం ఎదుగుతోందంటే నేను ఒప్పుకోను. ఏడాదికి ఎన్ని ఆత్మీయ ప్రసంగాలు విన్నా ఒప్పుకోను.

మన విశాఖ సంగతే చూడండి. 1805లో ఇక్కడ దిగిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజస్‌లకు తెలుగు అక్షరం ఎవరో ఒకరు చూపించాల్సి వచ్చింది. సువార్తలను తెలుగు చేయడంలో పక్కన కూర్చున్న ఆనందరాయర్ బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చి బాప్తిస్మం తీసుకున్నవాడు. ఆయన కొత్త విశ్వాసానికి తెచ్చి ఇచ్చింది అంతకు ముందే తనకు వచ్చిన భాషనే. మీరూ అలాంటి ఇంటి నుంచే వచ్చారు, పుట్టిల్లు దాచుకోవాల్సిన వస్తువు కాదు.

మీ అమ్మ దగ్గరికి ఒక రోజు వెళ్లండి, ఫోన్‌లో వద్దు. బాబుని తీసుకెళ్లకండి, మీవారినీ తీసుకెళ్లకండి. ఆవిడ వంట చేస్తుంటే పక్కన కూర్చుని కూర తరుగుతూ చెప్పండి. "అమ్మా, నువ్వు పంపే ప్రసాదం నేను తినడం లేదు. తిన్నానని ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను. నీ చేతి పులిహోర అంటే ప్రాణం, అది మాత్రం చేసి పంపు." మీరు ఆ మూడు అధ్యాయాలు చదివి తినొచ్చనే నిర్ణయానికి వస్తే, అదే చెప్పండి. ఏది చెప్పినా నిజం చెప్పండి.

ఏడుస్తుంది. కోప్పడొచ్చు. రెండు నెలలు మాట్లాడకపోవచ్చు కూడా, మావయ్యగారిలాగే. కానీ నాకెందుకో ఆవిడకి ఎప్పుడో తెలుసనిపిస్తోంది. మీ క్రిస్మస్ పళ్లెం, ఆ కేకూ గులాబీ పువ్వుల పిండివంటా వాళ్ల ఇంటికి వెళ్తే "మా అమ్మాయి ఇంటి పండగ" అని వీధంతా పంచే తల్లులను ఈ ఊళ్లో చాలామందిని చూశాను. కూతురి గొంతులో అబద్ధం ఆ తల్లులకు ఫోన్‌లోనే తెలిసిపోతుంది. తెలిసి కూడా డబ్బా పంపుతున్నారంటే, ఆ డబ్బా ఒక్కటే మీ ఇంటికి రావడానికి ఆవిడకున్న దారి.

మీవారికి ఒక మాట. ప్రేమించి పెళ్లి చేసుకున్న పిల్ల, తన తల్లికి మజ్జిగ ఇవ్వడానికి పాల ప్యాకెట్ వంక పెట్టుకుని వెళ్తోందని తెలిసి ఊరుకుంటే అది తప్పు. తెలియకపోతే ఇంకా పెద్ద తప్పు. ఈ ఉత్తరం ఆయన చేతికివ్వండి.

ఈసారి గిరి ప్రదక్షిణ నాటికి మావయ్యగారు మీతో మాట్లాడుతున్నా, మాట్లాడకపోయినా, ఆ సాయంత్రం మజ్జిగ చిలికి సీసాలో పోసుకుని ఆయన గది దగ్గర ఆగండి. "మావయ్యగారూ, మా అమ్మ నడిచి వస్తోంది, మజ్జిగ ఇచ్చి వస్తాను. కాళ్లు నొప్పిగా ఉంటే కాసేపు మన వరండాలో కూర్చోమంటాను" అని చెప్పండి. అనుమతి అడగకండి, చెప్పండి. చెప్పి, ముందు గేటు తీసుకుని వెళ్లండి. బాబు వస్తానంటే వాణ్ణి కూడా తీసుకెళ్లండి, సీసా వాడి చేతికే ఇవ్వండి.