గుండె పంపింగ్ తగ్గిన అమ్మగారిని నడిపించవచ్చా? మా నాన్న విషయంలో మేం చూసింది

మీ అమ్మగారికి 74 ఏళ్లు, పంపింగ్ (ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు గుండె తనలోని రక్తంలో బయటికి తోసే వాటా) 35 శాతం, డాక్టరు నడవమన్నా ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలక రోజంతా కూర్చోబెడుతున్నామని రాశారు. చదువుతుంటే మూడేళ్ల కిందటి మా ఇల్లే గుర్తొచ్చింది.

మా నాన్నకు 76వ ఏట హార్ట్ ఫెయిల్యూర్ అన్నారు. ఆ పేరు వినగానే గుండె ఆగిపోతుందనుకుని హడలిపోయాం. ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె అందించలేకపోవడమే ఆ జబ్బని మాకు అర్థమయ్యేసరికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఆయన్ని కదలనివ్వలేదు. మంచినీళ్లు కూడా చేతికే అందించాం. రెండు నెలలు తిరిగేసరికి కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాల్సి వచ్చింది. ఆయాసం తగ్గిందా అంటే, అదీ లేదు. "గుండె సంగతి తర్వాత, కాళ్లే నా మాట వినట్లేదమ్మా" అన్నారొకరోజు.

ఆయన చెప్పింది నిజమేనని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాక తెలిసింది. ఈ జబ్బులో కండరాలు కూడా క్షీణిస్తాయి, రక్తంలోంచి ఆక్సిజన్ తీసుకుని వాడుకునే శక్తి వాటికి తగ్గుతుంది. దానికి కూర్చోవడం కూడా తోడైతే నాలుగడుగులకే ఒగర్పు వస్తుంది. మనం అదంతా గుండె వల్లే అనుకుని ఇంకా కూర్చోబెడతాం. మీ భయం తప్పని అనను. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఈ రోగులకు మంచం మీద విశ్రాంతే రాసిచ్చేవారు. 2009లో వెలువడిన హెచ్‌ఎఫ్-యాక్షన్ అనే పరిశోధనలో పంపింగ్ 35 శాతం, అంతకంటే తక్కువ ఉన్న 2331 మందిని చూశారు. జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకు వ్యాయామం సురక్షితమేనని తేలింది. మీ అమ్మగారికి ఇంకా దగ్గరగా ఉండేది 2021 నాటి రీహాబ్-హెచ్‌ఎఫ్ అనే పరిశోధన. అందులో ఉన్న 349 మందీ 60 దాటినవాళ్లు, జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్లు. వాళ్లలో దాదాపు సగం మందికి నడకతోపాటు కాళ్ల బలం, తూలకుండా నిలబడటం, లేచి తిరగడం కూడా నేర్పించారు. మూడు నెలలకు వాళ్లు మిగతావాళ్లకంటే బాగా లేవగలిగారు, నడవగలిగారు. మళ్లీ ఆసుపత్రిలో చేరడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అందుకే జబ్బు నయమవుతుందని ఆశపడకండి. తన పని తను చేసుకోగలగడం కోసం చేయించండి. మా నాన్నకు అదే కావలసింది.

నన్నడిగితే నడక కంటే ముందు కుర్చీతో మొదలుపెట్టమంటాను. గోడకు ఆనించిన గట్టి కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచాం. ఎత్తుగా ఉంటే లేవడం తేలిక. పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు లేచి కూర్చోవడం, అంతే. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే అంకెలు పైకి లెక్కపెట్టించేవాళ్లం. నోరు మాట్లాడుతుంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది. మూడు వారాలకు దిండు తీసేశాం. ఆ తర్వాత గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, పాదాలు దగ్గరగా పెట్టి కాసేపు నిలబడటం.

నడక ఇంట్లోనే, మూడు నిమిషాలు నడిచి, కూర్చుని, మళ్లీ మూడు నిమిషాలు. నాలుగైదు రోజులకోసారి ఒక నిమిషం పెంచాం. మొదట్లోనూ చివర్లోనూ నెమ్మదిగా నడవాలి, చటుక్కున ఆగితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. తిన్న వెంటనే వద్దు. మండుటెండలో, గజగజలాడే చలిలో అసలే వద్దు.

చేతి గడియారంలో నాడి అంకెలు చూస్తూ మొదట్లో మేం చాలా కంగారుపడ్డాం. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు నాడి పెద్దగా పెరగదు, ఆ అంకెను నమ్ముకుని నడిపిస్తే శ్రమ ఎక్కువైపోవచ్చు. మాటే మంచి కొలత. నడుస్తూ ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగితే సరే, మధ్యలో ఊపిరి కోసం ఆగితే వేగం తగ్గించాలి. నాన్న పక్కన నడుస్తూ పాత కబుర్లు అడిగేదాన్ని. మాట తెగిందంటే కూర్చోబెట్టేదాన్ని.

అన్నిటికంటే ముఖ్యమైంది పొద్దుటి బరువు. లేవగానే, మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు చూడాలి. ఒక్కరోజులో కిలో పైన గానీ, వారంలో రెండు కిలోల పైన గానీ పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అనుమానించాలి. పాదాల వాపు పెరిగినా, రాత్రి ఒక దిండు చాలక రెండోది అడిగినా అంతే. ఆ రోజు వ్యాయామం ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. నడుస్తుండగా ఛాతీ పట్టేసినా, తల తిరిగినా, గుండె దడదడలాడినా వెంటనే ఆపేయాలి. కూర్చున్నాక కూడా తగ్గకపోయినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొదలుపెట్టే ముందు డాక్టరును రెండు విషయాలు అడగండి: ఎకోలో (గుండె స్కాన్‌లో) కవాటం, అంటే వాల్వ్, బాగా ఇరుకైనట్లు ఉందా? ఛాతీలో ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) అమర్చి ఉంటే, నాడి ఎంత దాటితే అది షాక్ ఇచ్చేలా పెట్టారు? కవాటం తీవ్రంగా ఇరుకై ఉంటే ఆయన సరేనన్నాకే వ్యాయామం. వీలుంటే మొదటి కొన్ని వారాలు ఫిజియోథెరపిస్టు కళ్లెదుటే చేయించండి.

దారి తిన్నగా సాగుతుందనుకోవద్దు. ఆరో నెలలో జ్వరం వచ్చి నాన్న పది రోజులు మంచానికే అతుక్కుపోయారు. తేరుకున్నాక మళ్లీ దిండు వేసుకుని ఐదుసార్ల నుంచే మొదలుపెట్టాం. రెండోసారి ఆయనే గుర్తుచేసి మరీ చేశారు.

ఈ రోజు ఒక పని చేయండి. మీరు పక్కనే నిలబడి, అమ్మగారు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరేమో చూడండి. ఎన్నిసార్లు లేచారో, ఎన్నోసారికి ఆయాసం వచ్చిందో రాసిపెట్టి వచ్చే చెకప్‌లో డాక్టరుకు చూపించండి. లేవలేకపోయారంటే దిండుతో మొదలుపెట్టొచ్చేమో ఆయన్ని అడగండి.