కేటలాగ్ సెర్చ్‌లో ఏ ఫిల్టర్లు పెట్టాలి? ముందు సున్నా ఫలితాలు చూడండి

కొత్త లైబ్రరీ కేటలాగ్‌లో ఏయే ఫిల్టర్లు పెడితే పాఠకులకు పుస్తకం త్వరగా దొరుకుతుందని అడిగారు. నేను కేటలాగింగ్ చేసేదాన్ని, మా సెర్చ్ మార్చినప్పుడు ఆ బృందంలో ఉన్నాను. మేమూ ఫిల్టర్లతోనే మొదలుపెట్టాం. భాష, సంవత్సరం, రచయిత, అన్నీ ఎడమపక్క వరసగా పేర్చాం. పాఠకులు మాత్రం కౌంటర్ దగ్గరికొచ్చి "లేదంటోందండీ" అంటూనే ఉన్నారు.

అప్పుడు సున్నా ఫలితాలొచ్చిన సెర్చ్‌ల లాగ్ తీసి ఒక్కో వరసా చదివాం. ఎవరో "షుగర్ వ్యాధి" అని కొట్టారు. తర్వాత "చక్కెర వ్యాధి". తర్వాత "డయబెటిస్". ఆపైన ఇంకేం లేదు, వెళ్ళిపోయారు. మా రికార్డుల్లో సబ్జెక్ట్ "మధుమేహం". పుస్తకాలు షెల్ఫులోనే ఉన్నాయి. ఆ మూడు వరసలు చూస్తే నాకు చాలా బాధేసింది. పర్యాయపదాలు మా దగ్గర లేకపోలేదు. మార్క్ (లైబ్రరీ రికార్డుల ప్రామాణిక నమూనా) అథారిటీ రికార్డుల్లో, అంటే ఒక్కో సబ్జెక్టుకు ఏ పేరు వాడాలో చెప్పే రికార్డుల్లో, దాని ఇతర పేర్లు రాసే 450 ఫీల్డు ఉన్నదే అందుకు, కేటలాగర్లు ఓపిగ్గా నింపారు కూడా. కీవర్డ్ సెర్చ్ అక్కడ వెతకడం లేదు, అంతే. ఆ ఫీల్డును సెర్చ్ వెతికే ఇండెక్స్‌లో కలపండి. మీరు చేయగలిగిన వాటిలో అతి పెద్ద మేలు ఇదేనని నా నమ్మకం.

"డయబెటిస్" (సరైనది "డయాబెటిస్") లాంటి అక్షరదోషాలకు ఒకట్రెండు అక్షరాల తేడాను ఒప్పుకునే మ్యాచింగ్ పెట్టాలి. పొట్టి మాటలకు మాత్రం వద్దు. "కల" కోసం వెతికినవాళ్ళకు "కళ", "కథ" అన్నీ వచ్చి పడతాయి.

తెలుగులో ఇంకో చిక్కుంది. "సాఫ్ట్‌వేర్" అని టైప్ చేసినప్పుడు ట్, వే మధ్య కంటికి కనబడని, అక్షరాల్ని కలవకుండా ఆపే గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. అది లేకుండా కొడితే "సాఫ్ట్వేర్". మనిషికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి వేరు. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని రకరకాలుగా రాసినా ఒకే రూపంలోకి తెచ్చే పద్ధతి) దాన్ని తీసేయదు. రికార్డులోనూ, పాఠకుడు కొట్టిన మాటలోనూ మీరే తీసేయాలి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) 2007లో 13 అంకెలైంది. పాత పుస్తకం వెనక 10 అంకెలే ఉంటాయి. హైఫన్లు తీసి, ముందు 978 చేర్చి, చివరి చెక్ అంకెను (మిగతా అంకెలు సరిగా ఉన్నాయో లేదో చూసేది) మళ్ళీ లెక్కగట్టి వెతికించండి.

ఇక ఫిల్టర్లంటారా, "ఇప్పుడు షెల్ఫులో ఉన్నవి" అన్నది అన్నిటికంటే పైన పెట్టండి. మిగతావి ఫలితాలు వందల్లో వచ్చినప్పుడే పనికొస్తాయి.