మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చేలోపు కాలనీ సంఘమే సర్వే చేస్తే పనికొస్తుందా?

మీ మున్సిపాలిటీకి కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతోందని, కాలనీ సంఘం తరఫున సర్వే చేసి ఇస్తే అధికారులు పట్టించుకుంటారా, అసలు ఏం అడగాలి అని మీ ప్రశ్న. హైదరాబాద్‌లో కొన్నేళ్లపాటు ఇంటింటి ప్రయాణ సర్వేల్లో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నా, తప్పకుండా చేయండి. అయితే జనాన్ని అభిప్రాయాలు అడగొద్దు, నిన్న ఏం చేశారో అడగండి.

"మీ ఏరియాకి ఏం కావాలి?" అంటే ఎవరైనా రోడ్లు, డ్రైనేజీ, నీళ్లు అంటారు. అది నిజమే, కానీ ఏ మలుపు దగ్గర ఏం మార్చాలో అందులో ఉండదు. మా ఫారంలో "పనికి ఎలా వెళ్తారు, ఎంత దూరం" అనే గడి ఉండేది. ఇళ్లలో పనిచేసే ఒకావిడ "నడిచే వెళ్తా, దగ్గరే" అంది. గడి నిండింది. తర్వాత "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎక్కడెక్కడికి వెళ్లారమ్మా?" అని కూర్చుని అడిగితే అసలు సంగతి బయటపడింది. తెల్లవారకముందే ఒక అపార్ట్‌మెంట్, మళ్లీ ఇంటికొచ్చి పిల్లాణ్ని బడిలో దింపడం, ఇంకో రెండిళ్లు, సాయంత్రం షేర్ ఆటోలో అత్తగారిని తీసుకుని ఆస్పత్రికి. మధ్యలో మెయిన్ రోడ్డు ఎన్నిసార్లు దాటిందో! డివైడర్‌కి దగ్గర్లో సందు లేదు, రాత్రిపూట అక్కడ లైటు లేదు. ప్లాన్ వేసేవాళ్లకి కావలసిన సమాచారం ఇదీ.

2011 జనగణనలో కూడా పని చోటు ఎంత దూరం, దేనిమీద వెళ్తారు అని అడిగారు. ఆ పట్టిక బయట దొరుకుతుంది, చూడండి. కానీ అది వ్యవసాయం, గృహ పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్ల లెక్క. పిల్లల్ని బడికి, పెద్దవాళ్లని దవాఖానకి తిప్పే గృహిణి అందులో లేదు. పైగా 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది, పాత లెక్కలు చూసి కొత్త రోడ్లు గీయడం ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణంలో డబ్బు తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్లు ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి వెళ్తున్నారో చెబుతాయి, మంచి సమాచారమే. బస్టాప్ దాకా నడవలేక ఆగిపోయిన మనిషికి మాత్రం టికెట్టే ఉండదు.

ఇక ఎవరు జవాబు చెబుతున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. పగలు పదకొండింటికి తలుపు తడితే రిటైరైన పెద్దాయనో, ఇంటి యజమానో వస్తారు. తాళం వేసి ఉంటే పక్కింట్లో రాసుకోమనే పద్ధతిని నేను చాలాచోట్ల చూశాను. తాళం వేసిన ఇల్లంటే భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లిన ఇల్లు. వాళ్లే ఎక్కువ తిరిగేది, వాళ్లనే వదిలేస్తాం! ఆదివారం వెళ్లండి, రాత్రి ఏడు తర్వాత వెళ్లండి. పైన గదుల్లో అద్దెకుండేవాళ్లని నేరుగా అడగండి, ఇంటి పన్ను పెరుగుతుందన్న భయంతో కొందరు ఓనర్లు వాళ్ల సంగతే ఎత్తరు. కూలీల అడ్డా దగ్గరికి పొద్దున్నే వెళ్లాలి. తోపుడుబండ్ల వాళ్లని వాళ్లు అమ్ముకునే చోటే అడగాలి. వీధి వ్యాపారుల చట్టం (2014) ప్రకారం కనీసం ఐదేళ్లకోసారి వాళ్ల సర్వే జరగాలి, అది పూర్తయ్యేవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. మీ ఊళ్లో ఆ సర్వే ఎప్పుడు జరిగిందో ముందు కనుక్కోండి.

జనానికి టెన్షన్ ఉంటుంది. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు లెక్కలో పేరు లేకపోతే ఏం పోతుందోనని ఎక్కడెక్కడి నుంచో సొంతూళ్లకి పరుగెత్తారు. అందుకే "రేషన్ కార్డు తీసేస్తారా? ఇల్లిస్తారా?" అని మిమ్మల్నీ అడుగుతారు. రెండూ కాదని ముందే చెప్పండి. ఆధార్, ఫోన్ నంబర్ అడగొద్దు.

పట్టించుకుంటారా అంటే, వంద పేజీల రిపోర్టు ఇస్తే ఎవరూ చదవరు. కాలనీ మ్యాప్ మీద ఎక్కడ దాటుతున్నారు, ఎక్కడ చీకటి, ఎక్కడ ఆటో దొరకదు అని గుర్తులు పెట్టి, పక్కన ఎంతమంది చెప్పారో రాయండి. ఆఫీసుకి ఇచ్చేముందు దాన్ని బస్తీలో గోడకి అంటించండి. "ఈ దారి వానాకాలంలో మునుగుతుంది, మేం అటు తిరిగిపోతాం" అని వాళ్లే వచ్చి దిద్దుతారు, నేను చూసిన మంచి మ్యాప్‌లన్నీ అలా దిద్దినవే. ముసాయిదా ప్రకటించాక అభ్యంతరాలు, సూచనలకి గడువిస్తారు. ఆ గడువులోపు, ముసాయిదాలో ఏ రోడ్డు, ఏ జోన్ గురించో పేర్కొంటూ రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి.